మూడూళ్లు తిరిగి తెచ్చిన రోస్టు

ప్రొద్దుటూరులో పెద్దకూర దొరకదని ఎవరైనా అంటే, ఆ మనిషి ఊరికి కొత్తయినా అయ్యుండాలి, మా ఆయనైనా అయ్యుండాలి. మా ఇంటి నుంచి నడిచిపోతే చెమట పట్టేలోపే అంగడి వస్తుంది. అంగడాయన మర్యాదస్తుడు, తూకంలో మోసం లేదు, మాంసం ఏ పూటకాపూట తాజాది. అయినా మొన్న క్రిస్మస్‌కు ఒక రోస్టు ముద్ద కోసం మేము జమ్మలమడుగు పోయి, అక్కడి నుంచి పులివెందుల పోయి, వేంపల్లె మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాం. కారుకు పోసిన పెట్రోలు ఖర్చుతో ఇంకో రోస్టు వచ్చేది. ఇదంతా మా ఆయన తెలివి. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్తాడు.

రోస్టంటే ఏమిటో ముందు చెప్పాలి. మా అమ్మమ్మ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో దొరసాని బంగళాలో వంట చేసేది. దొరసాని దగ్గర ఆమె నేర్చుకున్నవి రెండే. ఒకటి, భోజనానికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేయడం. రెండోది, ఆ ప్రార్థన సాగుతుండగానే ఒక కన్ను తెరిచి పొయ్యి మీది రోస్టును కనిపెట్టుకోవడం. కూరకైతే ముక్కలు కొట్టిస్తారు. రోస్టుకు తొడ నుంచి ఒకే ముద్ద తేవాలి, ఎముక ఉండకూడదు, ముక్కలు చేయకూడదు. దానికి లోతుగా గాట్లు పెట్టి తెల్లగడ్డ, మిరియాలు, లవంగాలు కూరి, ఉప్పూ వెనిగరూ పట్టించి, పురికొసతో బిగించి కట్టి ముందురోజే పక్కన పెట్టాలి. పండగ పొద్దున మందపాటి డేగిసాలో నూనె పోసి అన్ని పక్కలా ఎర్రగా కాల్చి, కాసిన్ని నీళ్లు పోసి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేయాలి. మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. అప్పుడు పలచగా కోసి, అడుగున మిగిలిన రసం పైన పోసుకుని తినాలి. దొరసాని పోయింది, బంగళా గోడలు పెచ్చులూడాయి, రోస్టు మాత్రం మా వంశంలో నిలబడింది. కొందరికి తాతలనాటి పొలాలు నిలబడతాయి, మాకు ఇది.

మా అమ్మ అదే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై ఇప్పుడు మాతోనే ఉంటుంది. రోస్టు లేని క్రిస్మస్‌ను ఆమె క్రిస్మస్ కింద లెక్కపెట్టదు. వచ్చే క్రిస్మస్‌కు నేనుంటానో లేదో అని ప్రతి సంవత్సరం బెదిరిస్తుంది. నేను ఇంటర్ చదివేటప్పుడు మొదలైన బెదిరింపు అది. ఇప్పటికీ ఆమె మెట్లు నాకంటే వేగంగా ఎక్కుతుంది.

మా ఆయనది చాపాడు దగ్గర పల్లె. వాళ్ల ఇంట్లోనూ చిన్నప్పటి నుంచి పెద్దకూర తిన్నవాళ్లే. కానీ ఉద్యోగం వచ్చిన మరుసటి నెల నుంచి ఆయనకు పొట్టేలు మాంసం మీద గౌరవం పెరిగింది. స్టాఫ్ రూములో ఎవరైనా ఆదివారం ఏం వండుకున్నారు సార్ అని అడిగితే, అడిగిన మాట పూర్తికాకముందే మటన్ అంటాడు. వండింది పప్పుచారైనా మటనే. ఇంట్లో మాత్రం రోస్టు అడుగు రసం అన్నంలో కలుపుకుని, గిన్నె తుడిచి, ఇంకేమైనా మిగిలిందా అని డేగిసాలోకి తొంగిచూసేది ఆయనే.

మేము అద్దెకుండే ఇల్లు రెండంతస్తులది. కింద మేము, పైన ఓనరు. ఆయనకు బజారులో గుడ్డల అంగడి ఉంది. శానా మంచి మనిషి. ఆయన ఇంట్లో కోడిగుడ్డు కూడా ముట్టరు. ఆయన భార్య గుడ్డు అన్న మాట నోటితో పలకదు, అవసరమొస్తే తెల్లవి అంటుంది. అందువల్ల మా ఇంట్లో క్రిస్మస్ పొద్దున ఒక యుద్ధం జరుగుతుంది. కిటికీలన్నీ మూయాలి. తలుపు కింద తడి టవలు పెట్టాలి. హాల్లో అగరొత్తులు, వంటింట్లో సాంబ్రాణి. ఇవన్నీ చాలవని మా ఆయన ఒక చిన్న గిన్నెలో వెనిల్లా ఎసెన్సు పోసి సన్నని మంట మీద కాగబెడతాడు, మేము కేకు చేస్తున్నామని పైవాళ్లు అనుకోవాలని. మేము ఇంట్లో ఎప్పుడూ కేకు చేయలేదు. బేకరీ నుంచి గుడ్డు లేనిది తెప్పించి పైకి పంపిస్తాం, వాళ్లు చాలా బాగుందమ్మా అంటారు. సాయంత్రానికి మా బట్టలు, పరుపులు, మేము అందరం సాంబ్రాణి, వెనిల్లా, రోస్టు కలిసిన ఒక వాసన కొడుతుంటాం. దానికి లోకంలో ఇంకా పేరు పెట్టలేదు.

ఈసారి యుద్ధం మామూలుది కాదు. ఓనరు మైదుకూరు రోడ్డులో కొత్త ఇల్లు కట్టుకుంటూ, ఈ ఇంటిని అమ్మకానికి పెట్టి, మీరు కొంటారా అని మమ్మల్ని అడిగాడు. సొంతిల్లు మా ఆయనకు ఎప్పటి నుంచో ఉన్న ఆశ. పల్లెలో వాళ్ల నాయన కట్టిన రెండు గదులు పంపకాల్లో అన్నకు పోయాయి. అప్పటి నుంచి ఎవరింటికి పోయినా గోడలు తట్టి చూస్తాడు. ఓనరు ధర చెప్పాడు. మా ఆయన సరే అన్నాడు. అంతే. ఒక్క రూపాయి తగ్గించమనలేదు. నేను బల్ల కింద కాలు తొక్కాను, కాలు పక్కకు లాక్కున్నాడు. కరివేపాకు రెమ్మ కొసరు వేయలేదని కూరగాయలామెతో పావుగంట వాదించే మనిషి ఇల్లు కొనేటప్పుడు తలూపుతూ కూర్చున్నాడు. ఓనరు పైకి పోయాక అడిగితే, బేరమాడితే ఆయన మనసు మారుతుందేమోనని అన్నాడు. మన తిండి సంగతి తెలిస్తే అసలే మారుతుందని కూడా అన్నాడు. అడ్వాన్సు ఇచ్చాం, బ్యాంకులో లోను కాగితాలు నడుస్తున్నాయి, జనవరిలో రిజిస్ట్రేషను. ఆ మధ్యలో క్రిస్మస్ వచ్చి పడింది.

ఈ ఒక్కసారికి రోస్టు వద్దని ఆయన మా అమ్మను బతిమాలాడు. రిజిస్ట్రేషన్ అయిపోతే హాల్లోనే పొయ్యి పెట్టి వండుకోండి, నేను విసురుతా అన్నాడు. మా అమ్మ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఆమె అలా చేసిందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

“ఇల్లు నీ పేర పడేదాకా యేసయ్యను పుట్టొద్దని చెప్పమంటావా నాయనా?” అంది.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. రోస్టు ఉంటుంది, కానీ ముద్ద ప్రొద్దుటూరులో కొనకూడదు. ఇక్కడి అంగడాయన పిల్లలు మా ఆయన దగ్గరే చదువుతున్నారు. ఓనరు అంగడిలో పనిచేసేవాళ్లు ఆ మాంసం అంగడి సందులోంచే నడుస్తారు. కాబట్టి జమ్మలమడుగు. మా అమ్మ తానూ వస్తానంది. రోస్టు ముద్ద మనిషి చేత్తో పట్టి చూసి తీసుకోవలసిన వస్తువని, అల్లుడి చేతికి వదిలేసేది కాదని ఆమె అభిప్రాయం. పోయిన సంవత్సరం ఆయన ఒక్కడే పోయి తెచ్చింది నమిలీ నమిలీ దవడలు పీక్కుపోయిన సంగతి ఆమె మరచిపోలేదు.

క్రిస్మస్ ముందురోజు తెల్లవారకముందే బయలుదేరాం. గేటు దగ్గర ఓనరు పాల ప్యాకెట్లు తీసుకుంటూ ఎదురుపడి, ఇంత పొద్దున్నే యాడికి సార్ అని అడిగాడు. జమ్మలమడుగు మా అమ్మ పుట్టిల్లు, ఆ మాట చెప్తే సరిపోయేది. మా ఆయనకు నిజం చెప్పడం ఇష్టం లేక, పోని ఊరి పేరు చెప్పాడు. పులివెందులలో ఒక ఇల్లు చూసే పనుంది అన్నాడు. ఎవరి ఇల్లు, ఎందుకు అని ఆయన అడగలేదు. ముఖం మాత్రం కొంచెం వాడింది. చలి వల్ల అనుకున్నాం.

జమ్మలమడుగు అంగడి ముందు అప్పటికే పెద్ద వరస ఉంది. ఆ వరసకు ఒక ఆచారం ఉంది, మా అమ్మ చిన్నప్పటి నుంచీ ఉన్నదే. అక్కడ ఎవరూ ఎవరినీ గుర్తుపట్టరు. మగవాళ్లు మంకీ క్యాపులు, ఆడవాళ్లు ముక్కు దాకా కొంగులు. పలకరిస్తే పాపం. అందరూ అంగడి గోడ మీది సున్నం వైపు భక్తిగా చూస్తుంటారు. మర్నాడు గుడిలో ఇవే చేతులు ఒకరినొకరు కలుపుకుని హ్యాపీ క్రిస్మస్ చెప్పుకుంటాయి, మీ ఇంట్లో ఏం స్పెషల్ అంటే చికెన్ బిర్యానీ అని చెప్పుకుంటాయి. మా ముందున్న పెద్దమనిషి హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన నడిచి వచ్చాడు, చుట్టుపక్కల బండి లేదు. గుడి కమిటీలో, అందరూ కలిసి తినే ప్రేమవిందుకు చికెన్ తప్ప ఇంకేదీ పెట్టకూడదని, సంఘం పరువు పోతుందని పట్టుబట్టిన పెద్ద ఆయనే. ఆ భుజాలు, ఆ దగ్గు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మా అమ్మకు వయసొచ్చాక ఆచారాల మీద గౌరవం తగ్గింది. హెల్మెట్ మీద వేలితో తట్టి, నీ మోకాలు నొప్పి ఎట్లుంది అని అడిగింది. హెల్మెట్ లోపల్నుంచి పర్వాలేదమ్మా అని వినపడింది. మా ఆయన కారు వెనక్కి పోయి నిలబడ్డాడు.

మా వంతు వచ్చింది. మా అమ్మ తొడలోంచి మూడు కిలోల ఒకే ముద్ద అడిగింది. అంగడాయన కత్తి ఆపి, యాడన్నా హోటల్ పెట్టినారా అమ్మా అని అడిగాడు. పండగ రష్షులో అంత ముద్ద ఒక్కరికే ఇస్తే వెనకున్న నలుగురు ఉత్త చేతులతో పోవాలని, ముక్కలైతే ఎంత కావాలన్నా ఇస్తానని చెప్పాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. నేనన్నాను, ఈ ఒక్కసారికి ముక్కలతో కానిద్దామా అని. నన్ను చూసిన చూపుకు నేను నర్సింగ్ స్టూడెంటునైపోయాను. వెనక వరసంతా సున్నం గోడ మీంచి కళ్లు తిప్పి మమ్మల్నే చూస్తోంది, గుర్తుపట్టకుండానే.

అంగడాయనకు మా అమ్మ మీద జాలి కలిగినట్టుంది. పులివెందులలో ఒకాయన ఉన్నాడని, కువైట్‌లో పెద్ద అంగడిలో మాంసం కోసి వచ్చినవాడని, ఆయన ముద్దలు ముద్దలుగానే అమ్ముతాడని చెప్పాడు. పులివెందుల అనగానే మా ఆయన ముఖం చూడాలి. ఓనరుతో చెప్పిన అబద్ధం లేచి నిలబడి తనను పిలిచినట్టు చూశాడు. ముద్దనూరు దాటాక, ఇల్లు చూస్తానన్నాను కాబట్టి దారిలో ఏదో ఒక ఇల్లు చూద్దామా, అప్పుడు అబద్ధం కాకుండా పోతుంది అన్నాడు. మా అమ్మ వెనక సీట్లోంచి, కండ్లు తెరుసుకోనుంటే రోడ్డు పక్కన అన్నీ ఇండ్లే గదా నాయనా, సూడు అంది.

పులివెందుల అంగడి మేము ఊహించినది కాదు. టైల్స్, అద్దాల తలుపు, పెద్ద ఫ్రిజ్జు, గోడ మీద ఒక పశువు బొమ్మ. దాని ఒళ్లంతా గీతలు గీసి, జిల్లా మ్యాపులో మండలాలు గుర్తించినట్టు ఒక్కో భాగానికి ఒక్కో పేరు రాశారు. అంగడాయన చేతులకు గ్లౌజులు, నడుముకు తెల్ల గుడ్డ. మమ్మల్ని చూసి, టాప్‌సైడా సిల్వర్‌సైడా అని అడిగాడు. మా ఆయనకు ఆ ఇంగ్లీషు నచ్చింది. ఇక్కడ కొనడం ఆయనకు ఒక్కసారిగా గౌరవమైన పనిగా తోచింది. మంకీ క్యాపు తీసేశాడు, చేతులు వెనక్కి కట్టుకుని మ్యాపు ముందు నిలబడ్డాడు, ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసరులా.

మా అమ్మ ఏ సైడూ చెప్పలేదు. చూపించమంది. ఆయన ఫ్రిజ్జులోంచి ఒక ముద్ద తీశాడు. ఆమె బొటనవేలితో నొక్కింది, సొట్ట అట్లాగే ఉండిపోయింది, వద్దంది. రెండోది బాగా ఎర్రగా ఉంది, కొవ్వు పోగు ఒక్కటీ లేదు. ఇది కువైట్‌లో శానా మంది అడిగే పీసు అని ఆయన చెప్పాడు. వాళ్లకే పంపించు అని ఆమె చెప్పింది. దున్న వయసు అడిగింది, ఎప్పుడు కోశారని అడిగింది, కొంకికి వేలాడుతున్న తొడను దింపమంది. అంతసేపూ నవ్వుతున్న అంగడాయన ముఖం ముడుచుకుంది. పొద్దున్నే కోసిన తొడ, హోటలు వాళ్లకని పక్కన పెట్టుకున్నది. అయినా దింపాడు. ఆమె నొక్కింది, సొట్ట నిదానంగా పైకి లేచింది. ఇంకోసారి నొక్కి, వాసన చూసి, ఈడ్నుంచి ఈడికి అని వేలితో గీత గీసింది. ముద్ద తెగింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్ని కూడా ఆమె అట్లాగే తిప్పి చూసేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడు మా ఆయన బేరం మొదలుపెట్టాడు. జమ్మలమడుగులో కిలోకు ఇరవై తక్కువ అన్నాడు. అట్లయితే ఆడ్నే తెచ్చుకోవాల్సింది సార్ అన్నాడు అంగడాయన. ఇంత దూరం వచ్చామన్నాడు మా ఆయన. నేను రమ్మన్యానా అన్నాడాయన. అది సాగింది, సాగింది. వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు. కొవ్వు తీసి తూచమన్నాడు, పురికొస ఊరికే ఇవ్వమన్నాడు, ముద్ద బాగా పొడిగా లేదు, నీళ్ల బరువు తగ్గించమన్నాడు. నాకు తల మండిపోయింది. లక్షల ఇంటికి నోరు విప్పని మనిషి ఇరవై రూపాయలకు ఈ ఊరంతా వినపడేలా అరుస్తున్నాడు. ఆ మాట అక్కడే అన్నాను కూడా. ఇల్లు వేరు, ఇది వేరు అన్నాడు. ఎట్లా వేరని అడిగితే, ఇక్కడ మనల్ని వద్దనేవాళ్లు లేరు గదా అన్నాడు. ఆ జవాబు విని నాకు కోపం పోయి ఇంకేదో వచ్చింది. చివరికి పది తగ్గింది.

డబ్బులు కట్టడం ఇంకో కథ. కౌంటరు మీద స్కానింగ్ బోర్డు, పక్కన డబ్బులు వచ్చాయని అరిచే డబ్బా ఉన్నాయి. మా ఆయన ఫోను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. లోను ఇంకా చేతికి రాలేదు, బ్యాంకు మేనేజరు స్టేట్‌మెంటు చూస్తే ఈ అంగడి పేరు కనపడుతుందట. ఇల్లు కొనేవాడు ఏం తింటున్నాడో బ్యాంకు పట్టించుకోదని, నెలనెలా కంతు కడతాడా లేదా అన్నదే చూస్తుందని నేనెంత చెప్పినా వినలేదు. నోట్లు తీశాడు. అంగడాయన దగ్గర చిల్లర లేదు. ఈ కాలంలో నోట్లు ఎవరిస్తారు సార్ అని గల్లాపెట్టె తెరిచి చూపించాడు. చిల్లర బదులు మా అమ్మ మూలుగున్న ఎముకలు రెండు పెట్టించుకుంది. పండగ మరుసటి రోజు సూపు పెట్టొచ్చని మహా సంతోషపడింది. ఆ ఎముకలు కారులో నా కాళ్ల దగ్గరే ప్రయాణం చేశాయి.

ముద్దను నల్ల కవరులో, దాన్ని ఇంకో నల్ల కవరులో, ఆ రెండింటినీ గుడ్డ సంచిలో పెట్టాం. వేంపల్లెలో మా ఆయన కారాపి మునక్కాయలు, గోంగూర కట్టలు కొని సంచి నోట్లో బయటికి కనపడేలా సర్దాడు. వీరపునాయునిపల్లె దాటాక కూడా రెండుసార్లు ఆగి, మునక్కాయలు సరిగ్గా కనపడుతున్నాయా లేదా అని చూసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి ఓనరు భార్య మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. పులివెందులలో ఇల్లు బాగుందా అని అడిగింది. మా ఆయన శానా బాగుందమ్మా, గాలీ వెలుతురూ బాగా వస్తాయి అని చెప్పి లోపలికి పోయాడు. ఎందుకట్లా చెప్పావంటే, బాగాలేదంటే ఇంకా ప్రశ్నలు అడుగుతుంది గదా అన్నాడు.

క్రిస్మస్ పొద్దున తొలి ఆరాధనకు పోయి వచ్చి పొయ్యి రాజేశాం. మధ్యాహ్నానికి జమ్మలమడుగు నుంచి మా తమ్ముడి కుటుంబం రావాలి. కిటికీలు మూశాం, టవలు తడిపాం. డేగిసాలో ముద్ద వేయగానే చుయ్యిమని వచ్చిన ఆ వాసన ఉంది చూశారూ, దాని ముందు సాంబ్రాణి ఏం చేస్తుంది, వెనిల్లా ఏం చేస్తుంది. మూత మీద నిప్పుల పొగకు బయటికి దారి లేక మా కళ్లలోకి వచ్చింది. ముగ్గురం ఏడుస్తూ, దగ్గుతూ, మహదానందంగా పండగ చేసుకుంటున్నాం. మా ఆయన టవలు తీసుకుని పొగను ఒక గది నుంచి ఇంకో గదికి తరుముతున్నాడు.

బెల్లు మోగింది. తమ్ముడనుకుని తీశాను. ఓనరు నిలబడ్డాడు. చేతిలో ఆపిల్ పండ్ల కవరు, స్వీటు బాక్సు. తెరిచిన తలుపులోంచి మా క్రిస్మస్ అంతా ఆయన ముఖానికి కొట్టింది. మా ఆయన టవలుతో అట్లాగే బిగుసుకుపోయాడు. పండగ శుభాకాంక్షలని ఓనరు చెప్పబోతున్నాడు. అంతలోనే మా ఆయన అందుకున్నాడు. అంతా చెప్పేశాడు. వండుతున్నది ఏమిటో చెప్పాడు, ప్రతి సంవత్సరం వండుతున్నామని చెప్పాడు, వెనిల్లా గురించి చెప్పాడు, క్షమించమన్నాడు, ఇక మీదట ఈ ఇంట్లో వండబోమన్నాడు. ఇరవై ఏళ్లు పిల్లల చేత తప్పు ఒప్పించిన మనిషి, టవలు చేతిలో నలుపుతూ అట్లా నిలబడి చెప్తుంటే నాకు సిగ్గేసింది. ఆయన్ని చూసి కాదు, ఆయన అట్లా నిలబడవలసి వచ్చినందుకు.

ఓనరు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు.

“అది మాకు తెల్దా సార్? మీరొచ్చిన మొదటి పండగ నుంచి తెలుసు. వాసన పైకి రాకుండా యాడికి పోతాది? మా ఇంటామె ఆ పొద్దు వాళ్ల చెల్లెలింటికి పోతాది, నేను అంగట్లో ఉంటా. మీ పండగ మీది. నేనొచ్చింది దానికి కాదు.”

ఆపిల్ కవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ముందురోజు నుంచి నిద్ర లేదన్నాడు. పులివెందులలో ఇల్లు చూశామని, గాలీ వెలుతురూ బాగున్నాయని తన భార్య చెప్పిందట. అది కొనేస్తున్నామేమో, అడ్వాన్సు వెనక్కి అడుగుతామేమోనని ఆయన భయం. మా డబ్బు నమ్ముకుని కొత్త ఇంటికి పైకప్పు పోయించాడట.

“మీరు గాక ఈ ఇల్లు ఎవురు కొంటారు సార్? మీకంటే ముందు ఇద్దరు ముగ్గురు మావాండ్లు వచ్చి చూసిపోయినారు. కింద ఎవురుంటారని అడిగినారు, వంటింట్లోకి కూడా పోల్యా, వాకిట్లోంచే ఎనక్కి తిరిగినారు. మీరు వద్దంటే నా గతేంది చెప్పండి.”

మా ఆయనకు సంతోషం పట్టలేదు. ఓనరు చేతులు పట్టుకున్నాడు, మేమే కొంటాం, ఎక్కడికీ పోము అంటున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు పొగవి కావు. నేను మాత్రం గడప వైపు చూశాను. ఇన్నేళ్లూ ఈ మనిషి మమ్మల్ని ఖాళీ చేయమంటాడేమోనని మేము పొగలో చచ్చాం. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి, మా గడప దగ్గర నిలబడి, మేము ఎవరమో అడిగి, నేను తోమి తుడిచిన వంటింటిని చూడకుండానే తిరిగి పోయారు. ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉండుంటాను. వాళ్లకు మంచినీళ్లు కూడా ఇచ్చుంటాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఇస్తే తాగారా లేదా అన్నది జ్ఞాపకం రావడం లేదు, అది రాకపోవడమే మేలు.

ఇంతలో వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. అన్నీ విన్నది. చేతిలో పటకారు, చెంప మీద మసి. మా ఆయనను పక్కకు జరగమని, ఓనరు చేతిలోని ఆపిల్ కవరు తీసుకుని బల్ల మీద పెట్టి, కుర్చీ లాగి దాని మీద కొంగుతో దుమ్ము దులిపింది. ముందురోజు ముద్దను నొక్కి చూసిన చూపుతోనే ఆయన్నీ చూసింది.

“కూసో నాయనా,” అంది. “మేం కొనకుంటే ఈ ఇల్లు ఎవురూ కొనరని నువ్వే అంటివి. ఇంగ రేటు మాట్లాడుకుందాం.”

ఓనరు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన, పిలిస్తే నిలబడే పిల్లవాడిలా, ఎటు చూడాలో తెలియక నా వైపు చూశాడు. నేను ఆయన చేతిలోంచి టవలు తీసుకున్నాను. ఓనరు కూర్చున్నాడు.